రెండు నెలల సూది: తేదీ తప్పితే?

ప్రశ్న: నాకు హెచ్ఐవీ ఉంది. మాత్రలు మానేసి ఏడాదిగా రెండు నెలలకోసారి కాబెనువా ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాను. వైరల్ లోడ్ పరీక్షలో ఏమీ కనబడటం లేదు. అమ్మకు మోకాలి ఆపరేషన్ కావడంతో మే నెలలో రాజమండ్రి వెళ్లి రెండున్నర నెలలు ఉండాల్సి వస్తోంది. మందు వెంట తీసుకెళ్లి అక్కడ తెలిసిన నర్సు చేత వేయించుకోవచ్చా? లేదంటే తిరిగొచ్చాక వేయించుకోనా? పదిహేను రోజుల ఆలస్యమే కదా!
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మందు వెంట తీసుకెళ్లొద్దు. కాబెనువాలో ఉండేవి రెండు మందులు: కాబోటెగ్రావిర్ 600 మిల్లీగ్రాములు, రిల్పివిరిన్ 900 మిల్లీగ్రాములు చెరో వయల్‌లో వస్తాయి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. బయటికి తీశాక 25 డిగ్రీలు దాటకూడదు, 6 గంటల్లో వాడేయాలి. డాలస్ నుంచి రాజమండ్రికి 6 గంటల్లో చేరలేరు, మే నెల ఎండల సంగతి మీకు చెప్పేదేముంది.

వేయడంలోనూ మెలకువ కావాలి. ఈ మందు పాలలా తెల్లగా ఉంటుంది, ఊరికే ఉంచితే అడుక్కి దిగుతుంది. వయల్‌ను 10 సెకన్లు గట్టిగా కుదపకుండా సిరంజిలోకి లాగితే డోసు సరిగా రాదు. ఒక్కో మందు 3 మిల్లీలీటర్లు. చెరో పిరుదులో, కండ లోపలికి వేయాలి. చేతికి వేయకూడదు. మామూలుగా ఒకటిన్నర అంగుళాల సూది సరిపోతుంది, లావుగా ఉన్నవారికి 2 అంగుళాలది కావాలి. సూది కొవ్వులోనే ఆగిపోతే మందు రక్తంలోకి చేరాల్సినంత చేరదు.

ఇక ఆలస్యం సంగతి. మీకు రాసిచ్చిన తేదీకి 7 రోజులు ముందో వెనకో అయితే ఫర్వాలేదు. అంతకు మించి తప్పుతుందని ముందే తెలిస్తే మధ్యలో మాత్రలతో నడపాలి. ప్రయాణానికి కాస్త ముందు ఒక డోసు పడేలా చూసుకోండి. తర్వాతి ఇంజెక్షన్ తేదీ ఏ రోజైతే ఆ రోజే మాత్రలు మొదలుపెట్టి, తిరిగొచ్చి సూది వేయించుకునే రోజు దాకా వేసుకోండి. కాబోటెగ్రావిర్ 30 మిల్లీగ్రాములు, రిల్పివిరిన్ 25 మిల్లీగ్రాములు, రోజుకు ఒక్కోటి, ఒకేసారి. ఇలా 2 నెలల వరకు నడపవచ్చు. మాత్రల కోసం ప్రయాణానికి నెల ముందే మీ డాక్టర్‌ను అడగండి.

ఈ మాత్రలు కడుపునిండా అన్నం తిన్నాకే వేసుకోవాలి. పరగడుపున వేసుకున్నా, ప్రొటీన్ డ్రింకుతో సరిపెట్టినా రిల్పివిరిన్ బాగా తక్కువగా ఒంటబడుతుంది. మన ఇళ్లలో చాలామంది చేసే తప్పు ఇంకొకటుంది: పొద్దున్నే ఓ గ్యాస్ మాత్ర. ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి, ఆమ్లం లేకపోతే రిల్పివిరిన్ కరగదు. మాత్రలు వాడే ఆ రోజుల్లో వాటిని ముట్టొద్దు. డైజీన్, జెలూసిల్ తప్పనిసరైతే ఈ మాత్రలకు 2 గంటల ముందో, 4 గంటల తర్వాతో తీసుకోవాలి.

మాత్రలూ లేకుండా చివరి సూది నుంచి 3 నెలలు దాటిపోతే మళ్లీ మొదటికే: నెల ఎడంతో 2 డోసులు, ఆ తర్వాత రెండు నెలలకోసారి. ఇంత పట్టింపు ఎందుకంటే, సూది ఆపినా మందు ఒంట్లోంచి ఒక్కసారిగా పోదు. ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంటుంది. వైరస్‌ను ఆ కాస్త మందు చంపలేదు సరికదా, మందుకు లొంగకుండా తయారవడానికి సాయపడుతుంది. అలా మొండికేసిన వైరస్ కొందరిలో డోలుటెగ్రావిర్ అనే మందుకూ సరిగా లొంగదు. మన ఏఆర్‌టీ సెంటర్లలో (ప్రభుత్వ హెచ్ఐవీ చికిత్సా కేంద్రాల్లో) ఇచ్చే మాత్రకు ప్రాణం ఆ డోలుటెగ్రావిరే.

ప్రశ్న: మావారు ఏఆర్‌టీ సెంటర్‌లో ఇచ్చే టీఎల్‌డీ మాత్ర (టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసినది) రోజుకొకటి వాడుతున్నారు. ఇప్పుడు టీబీ కూడా బయటపడింది. మాత్రలు ఎక్కువైపోయాయని బాధపడుతున్నారు. ఈ ఇంజెక్షన్లకు మారవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇప్పుడు కాదు. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఈ ఇంజెక్షన్లలోని రెండు మందులనూ లివర్‌లో త్వరత్వరగా అరగదీస్తుంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్‌లతోనూ ఇదే చిక్కు. టీఎల్‌డీనే కొనసాగించాలి. అయితే రిఫాంపిసిన్ వాడినన్నాళ్లూ టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర ఇంకొకటి వేసుకోవాలి, రిఫాంపిసిన్ ఆపాక మరో 2 వారాలు కూడా. ఇవ్వకపోతే సెంటర్‌లో అడగండి.

టీబీ నయమయ్యాక మారాలనుకున్నా ముందు హెపటైటిస్ బి పరీక్ష చేయించండి. టీఎల్‌డీలోని టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌నూ అణిచిపెడతాయి, ఇంజెక్షన్లకు ఆ శక్తి లేదు. హెపటైటిస్ బి ఉన్నవారు టీఎల్‌డీ మానేస్తే లివర్ వాపు విరుచుకుపడుతుంది. హెచ్ఐవీ-2 (హెచ్ఐవీలో అరుదైన రెండో రకం) ఉన్నవారికి కూడా ఇవి పనికిరావు, దానిమీద రిల్పివిరిన్ పనిచేయదు.

ప్రశ్న: సూది వేసిన చోట గడ్డ కట్టింది. నూనెతో మర్దన చేయొచ్చా?
– ఒక పాఠకుడు, లండన్

జవాబు: రుద్దొద్దు. నొప్పి, గడ్డ చాలామందికి వస్తాయి, ఎక్కువగా వారంలోపు తగ్గుతాయి. ఎర్రబడి, వేడెక్కి, రోజురోజుకూ పెరుగుతూ చీము పడితే క్లినిక్‌కు వెళ్లండి. సూది వేసిన నిమిషాల్లోనే ఆయాసం, ముఖం ఎర్రబడటం, చెమటలు పట్టడం జరిగితే అది వేరే సంగతి. మందు కొంత రక్తనాళంలోకి పోయి ఉండొచ్చు. సూది తర్వాత ఓ 10 నిమిషాలు కూర్చోమనేది అందుకే, లేచి వెళ్లిపోకండి.