అమ్మగారికి ఏ ఫ్లిప్ ఫోన్ తగినది?

ప్రశ్న: మా అమ్మగారికి స్మార్ట్‌ఫోన్ వాడటం కష్టంగా ఉంది. నోకియా 2660 ఫ్లిప్, నోకియా 2780 ఫ్లిప్ చూశాము. రెండింటిలో ఆమెకు ఏది నయం?

జవాబు: ఇవి రెండూ 2022లో వచ్చిన 4జీ ఫోన్లే. రెండింటిలోనూ 1450 ఎంఏహెచ్ బ్యాటరీతో పాటు, మూత తెరవకుండానే ఎవరు పిలుస్తున్నారో చూపే 1.77 అంగుళాల బయటి తెర ఉంది. 2780 మీటల ఫోన్ల కోసం చేసిన కైఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో పనిచేస్తుంది, అందులో వై-ఫై, బ్రౌజర్ ఉంటాయి, కెమెరా కూడా 5 మెగాపిక్సెల్‌ది. 2660లో వై-ఫై లేదు, 0.3 మెగాపిక్సెల్ కెమెరా పేరుకే. అయినా మీ అమ్మగారికి నేను 2660నే సూచిస్తాను. పెద్ద మీటలు, వినికిడి యంత్రంతో కలిసి పనిచేసే వీలు, అన్నిటికీ మించి ముందుగా ఎంచుకున్న ఐదుగురికి కబురందించే అత్యవసర మీట దానిలో ఉన్నాయి. ఒంటరిగా ఉండే పెద్దవారికి ఆ ఒక్క మీట మంచి కెమెరా కన్నా ఎంతో విలువైనదని నా గట్టి నమ్మకం. మనవల ఫొటోలు తీయాలనే కోరిక ఆమెకు బలంగా ఉంటే మాత్రం 2780 తీసుకోండి. చాలా దేశాల్లో 3జీ సేవలు నిలిచిపోయినందున, మీ నెట్‌వర్క్‌లో మీరు ఎంచుకున్న ఫోన్‌కు 4జీ మీదనే కాల్స్ వెళతాయో లేదో కొనేముందు తప్పక అడగండి. మూత తెరవడం, మీటలు నొక్కడం ఆమె చేతనే చేయించి చూడండి.