ఊరంతా కలిసి కట్టుకున్న గడీ

(గత నెల ఈ శీర్షికలో రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా ప్రాంతం గురించి నాలుగు మాటలు రాశాను. అప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఈసారి పేజీ మొత్తం వాటికే.)

ప్రశ్న: మేడం గారూ, నేనూ మావారూ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లం. ఓరుగల్లు కోట తోరణాల చుట్టూ ఆడుకుంటూ పెరిగిన మావారికి కోటలంటే ప్రాణం. మా అబ్బాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాడు. సెప్టెంబరులో వాడి దగ్గరికి వెళ్తున్నాం. అక్కణ్నుంచి రుమేనియాలోని బ్రషోవ్‌కి నాలుగు రోజులు తీసుకెళ్తానంటున్నాడు. అక్కడ గైడుతో ఒక రోజు ట్రిప్పులు రెండు రకాలవి ఉన్నాయట. ఒకదాంట్లో డ్రాక్యులా కోటతో కలిపి మూడు కోటలు, ఇంకోదాంట్లో 'కోట చర్చిలు'. చర్చికి కోట ఎందుకు? ఏది ఎంచుకోమంటారు? నాకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి.
– రిటైర్డ్ టీచరమ్మ, హనుమకొండ

జవాబు: టీచర్ గారూ, రెండోదే ఎంచుకోండి. నాలుగు రోజులుంటారు కాబట్టి బ్రాన్ కోటకి ఇంకో పూట వెళ్లొచ్చు. అది మంచి కోటే. అప్పట్లో ఆ ప్రాంతం హంగరీ రాజ్యంలో ఉండేది. 1377లో హంగరీ రాజు మొదటి లూయీ ఇచ్చిన అనుమతి పత్రంతో బ్రషోవ్ జనం సొంత ఖర్చు పెట్టుకుని కట్టిన కోట. కానీ 'డ్రాక్యులా కోట' అన్న పేరు మాత్రం తర్వాత వచ్చి అంటుకున్నది. డ్రాక్యులా అని పిలిపించుకున్న పదిహేనో శతాబ్దపు పాలకుడు వ్లాద్ త్సెపెష్ అక్కడ కాపురమున్నాడనడానికి ఆధారం లేదు. డ్రాక్యులా కథ రాసినాయన ట్రాన్సిల్వేనియాలో అడుగే పెట్టలేదు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు 'ఒక రోజులో మూడు కోటలు' అనే ట్రిప్పే తీసుకున్నాను. పెద్ద బస్సు. కోట కింద బొమ్మలు, మాస్కులు అమ్మే కొట్ల దగ్గర గంటన్నర ఆపారు. ప్రెష్మెర్ అనే ఊళ్లోని కోట చర్చికి చేరేసరికి సాయంత్రమైంది, తలుపులు మూయడానికి ఇరవై నిమిషాలుంది. నేను లోపలి వాకిట్లో నిలబడి తలెత్తి చూస్తుంటే వెనకనుంచి బస్సు హారను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండేళ్ల తర్వాత దానికోసమే మళ్లీ వెళ్లాను. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

చర్చికి కోట ఎందుకని అడిగారు. అసలు సంగతి అందులోనే ఉంది. పన్నెండో శతాబ్దంలో హంగరీ రాజు రెండో గేజా తన రాజ్యానికి తూర్పు అంచున జనం పలచగా ఉన్న నేలల్లోకి రైతుల్ని, చేతిపనివాళ్లని రమ్మని పిలిచాడు. రైన్, మోసెల్ నదుల వైపు నుంచి వచ్చారు వాళ్లు. అక్కడ వాళ్లని సాక్సన్లు అంటారు. 1224లో రాజు రెండో ఆండ్రాస్ వాళ్ల హక్కుల్ని పత్రం మీద రాసిచ్చాడు. నేల రాజుది, పన్ను రాజుకి. మధ్యలో దొర లేడు. తమ న్యాయాధికారుల్ని, తమ పూజారిని తామే ఎన్నుకోవచ్చు. ఇక్కడ మన గణపతిదేవుడు ఓరుగల్లులో రాతికోట లేపుతున్న రోజులవి.

దొర లేకపోవడం గొప్ప వరమే. దాంతోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. మిగతా యూరప్‌లో శత్రువు వస్తే ఊరి జనం దొర కోటలోకి పరుగెత్తేవాళ్లు. వీళ్లు ఎక్కడికి పోవాలి? 1241లో మంగోలులు వచ్చి ఊళ్లకి ఊళ్లే తగలబెట్టారు. పద్నాలుగో శతాబ్దం చివరి నుంచి ఒట్టోమన్ తుర్కుల సైన్యాల దాడులు. ఊళ్లో గట్టి రాతి కట్టడం ఒకటే ఉంది, చర్చి. దాని చుట్టూ గోడ ఎత్తారు. గోడకి బురుజులు పెట్టారు. గంట గోపురాన్నే కాపలా గోపురం చేశారు. మన తెలంగాణ ఊళ్లలో గడీ దొరది కదా. వాళ్ల గడీ ఊరిది. పొలం దున్నిన చేతులే దాన్ని కట్టాయి, లోపల తలదాచుకున్నదీ ఆ కుటుంబాలే. అలాంటివి ఇప్పటికీ నూటయాభై దాకా నిలిచి ఉన్నాయి. వాటిలో ఏడు ఊళ్లు యునెస్కో జాబితాలో ఉన్నాయి. 1993లో బియెర్తాన్‌ని, 1999లో మిగతా ఆరింటినీ చేర్చారు.

ఇక మీ ఒక రోజు. ట్రిప్పువాళ్లు ఆరేడు పేర్లు రాస్తారు. మీరు మూడు చాలు అనండి: ప్రెష్మెర్, రూపియా, విస్క్రి. అంతకు మించి ఒక్కటి చేర్చినా రోజంతా బండిలోనే గడిచిపోతుంది.

పొద్దున్నే ప్రెష్మెర్. బ్రషోవ్ నుంచి అరగంట దారి. ఆదివారం పెట్టుకోకండి, ప్రార్థన వేళల్లో లోపలికి పంపకపోవచ్చు. చర్చిని పదమూడో శతాబ్దం మొదట్లో ట్యుటానిక్ నైట్లు అనే యోధ సన్యాసులు మొదలుపెట్టారు. 1211లో తెచ్చి పెట్టుకున్న రాజే 1225లో వాళ్లని వెళ్లగొట్టాడు. తర్వాత వేరే సన్యాసులు పూర్తిచేశారు. ఆ చరిత్ర గైడు చెబుతాడు. మీరు మాత్రం లోపలికి అడుగుపెట్టగానే చర్చి వైపు కాకుండా వెనక్కి తిరిగి గోడ వైపు చూడండి.

పొడవాటి చీకటి సొరంగంలాంటి దారిలోంచి వెళ్తే గుండ్రటి వాకిలి వస్తుంది. చుట్టూ పన్నెండు మీటర్ల ఎత్తు గోడ, మూడు నాలుగు మీటర్ల మందం. ఆ గోడ లోపలి వైపంతా తేనెపట్టులా గదులు, ఒకదాని మీద ఒకటి, అంతస్తులు అంతస్తులుగా. చెక్క మెట్లు, చెక్క వసారాలు, చిన్న చిన్న తలుపులు. మొత్తం 270 పైచిలుకు గదులు. ప్రతి తలుపు మీదా ఒక అంకె. ఊళ్లో ప్రతి కుటుంబానికీ ఒక గది, పేరు పేరునా కేటాయించినది. దాడి లేని రోజుల్లో అందులో గింజలు, ఎండబెట్టిన సరుకు నిలవ చేసుకునేవాళ్లు. గంట మోగితే పిల్లల్ని, ముసలివాళ్లని తీసుకుని ఎవరి అంకె దగ్గరికి వాళ్లు. చీకట్లో తొక్కిసలాట లేకుండా, ఎవరి చోటు ఎక్కడో అందరికీ ముందే తెలిసేలా. నేనొక తలుపు దగ్గర నిలబడి గడప మీద చెయ్యి పెట్టాను. మధ్యలో అరిగిపోయి పల్లంగా ఉంది. ఎన్ని తరాలవాళ్లు తొక్కితే చెక్క అలా అరుగుతుంది!

మీరు టీచరు కాబట్టి ఇంకో సంగతి. ఆ గోడలోని గదుల్లో ఒక బడి గది ఉంది. చిన్న బల్లలు, నల్లబల్ల. బయట శత్రువు మకాం వేసి కూర్చున్నా లోపల పిల్లల చదువు ఆగకూడదనుకున్నారు. నేను ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. ముట్టడి అంటే ఫిరంగులు, నిచ్చెనలు, తేదీలు మాత్రమే చెప్పాను. ముట్టడిలో బడి నడుస్తుందని ఒక్కరోజూ చెప్పలేదు. ఆ గదిలో చాలాసేపు కూర్చున్నాను.

మీవారికి నచ్చేది పైన ఉంది. గోడ లోపలే చుట్టూ తిరిగే చీకటి దారి, బాణాలకి, తుపాకులకి సన్నని కంతలు, మరిగే నీళ్లు పోయడానికి కిందికి తెరిచిన సందులు. అక్కడే 'మృత్యు ఆర్గన్' అనే యంత్రం చూపిస్తారు. ఒక చెక్కకి తుపాకీ గొట్టాలు వరసగా బిగించి అన్నిటినీ ఒకేసారి పేల్చేది. ఇన్ని దాడుల్లో ఈ కోట ఒక్కసారే, 1611లో ట్రాన్సిల్వేనియా పాలకుడు గాబ్రియేల్ బాతొరి చేతికి చిక్కిందని అక్కడ చెబుతారు. మెట్లు నిటారుగా ఉంటాయి. మీరు మొదటి వసారా దాకా ఎక్కి ఆగిపోండి, ఆయన్ని పైకి పంపండి. మీకు తక్కువేం కాదు. గదులన్నీ అక్కణ్నుంచే బాగా కనిపిస్తాయి.

రూపియా పెద్ద నల్లరాతి గుట్ట మీది కోట. కాగితాల మీద మొదటిసారి కనిపించేది 1324లో, అంటే ఓరుగల్లు పడిపోయిన మరుసటి ఏడు. ఈమధ్యే బాగుచేశారు. నా కళ్లకి సున్నం మరీ కొత్తగా కనిపించింది. పైనుంచి చుట్టూ కనిపించే కొండల కోసం అరగంట ఇవ్వండి, చాలు.

మిగిలిన సాయంత్రమంతా విస్క్రికి ఉంచండి. మట్టిదారి, రెండు పక్కలా నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల ఇళ్లు, చివర కొద్ది ఎత్తులో తెల్లటి చర్చి. ఊరి జర్మన్ పేరుకి అర్థం కూడా తెల్ల చర్చే. ఇంగ్లండు రాజు చార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు 2006లో ఇక్కడ ఒక ఇల్లు కొన్నాడు. గైడ్లందరూ అక్కడ ఆగుతారు, మీరు ముందుకి నడవండి. కోట గోడలోని బురుజుల్లో ఒకదాని పేరు కొవ్వు బురుజు. ఊళ్లోని ప్రతి ఇంటివాళ్లూ ఉప్పు పెట్టి పొగ పట్టించిన పంది మాంసాన్ని అక్కడ కొక్కేలకి వేలాడదీసేవాళ్లు. చాకలి బట్టల మీద గుర్తు పెట్టినట్టు ఒక్కో ఇంటికి ఒక్కో ముద్ర. వారానికొకసారి తలుపు తీసి, అందరి ఎదుటా ఎవరి ముక్క వాళ్లు కోసుకుపోయేవాళ్లు. ముట్టడి రోజులకి తిండి ఎంతుందో ఊరందరికీ తెలిసేది. ఈ పద్ధతి దిర్జు అనే ఊళ్లో ఇప్పటికీ ఉంది. వాళ్లు సాక్సన్లు కారు, హంగేరియన్ మాట్లాడే సెకెలీలు.

వీసా గురించి మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది. 2025 జనవరి 1 నుంచి రుమేనియా పూర్తిగా షెంగెన్‌లో, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో ఉంది కాబట్టి జర్మనీ వీసా సరిపోతుంది. డబ్బు మాత్రం యూరో కాదు, లేయ్. కోట చర్చిల దగ్గర టికెట్టుకి చిల్లర నోట్లు చేతిలో ఉంచుకోండి. గడియారాన్ని జర్మనీ కంటే ఒక గంట ముందుకి తిప్పుకోండి.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ రోజంతా తిరిగితే తిండికి ఇబ్బంది పడతామా?
– విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఒక్క మాట నేర్చుకుని వెళ్లండి: 'దె పోస్ట్'. రుమేనియన్లలో ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు, వాళ్లకి ఉపవాసాలు చాలా ఎక్కువ. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్డు ముట్టరు. ఆ తిండినే దె పోస్ట్ అంటారు. 'వెజిటేరియన్' అంటే చీజు, గుడ్డు వేసి తెస్తారు. దె పోస్ట్ అంటే వంటమనిషికి వెంటనే అర్థమవుతుంది. మమలిగ అడగండి, అది అచ్చంగా మొక్కజొన్న సంగటి. పైన వెన్న, చీజు వద్దని చెప్పండి. జకుస్క అంటే కాల్చిన వంకాయ, ఎర్ర క్యాప్సికం కలిపి నూనెలో మగ్గబెట్టిన పచ్చడి. కారం ఉండదు, కానీ కాల్చిన వంకాయ వాసనకి నాకు మా అమ్మ చేతి పచ్చడి గుర్తొచ్చింది. చిక్కుడు గింజల్ని మెత్తగా నూరి, పైన వేయించిన ఉల్లిపాయ వేసేది కూడా దొరుకుతుంది. చారుల్లో మాంసం ఉడికించిన నీళ్లు వాడే అలవాటుంది, అడగకుండా తాగొద్దు.

ప్రశ్న: బియెర్తాన్ చర్చి కోటలో విడాకులు కోరిన మొగుడూపెళ్లాల్ని ఒక గదిలో పెట్టి తాళం వేసేవారట. నిజమా?
– నిజామాబాద్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: గది ఉంది బాబూ, చూశాను. ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక పళ్లెం, ఒక చెంచా. అన్నీ ఒక్కొక్కటే. కొన్ని వారాలు అందులో ఉంచేవారని, మూడు వందల ఏళ్లలో ఒక్క జంటే విడిపోయిందని అక్కడ చెబుతారు. ఆ లెక్కని కథగానే తీసుకో. గైడు ఆ కథ చెప్పగానే మా గుంపంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. కొట్టే భర్తతో ఆ ఒక్క మంచం గదిలో ఇరుక్కున్న ఆడమనిషి సంగతేమిటని అడిగాను. గైడు కాసేపు ఆగి, 'ఆ సంగతి ఎవరూ రాసిపెట్టలేదు' అన్నాడు. అక్కడ తప్పక చూడాల్సింది వేరే ఉంది. వస్తువులు దాచే గది తలుపుకున్న 1515 నాటి తాళం. ఒక్క చెవి తిప్పితే తలుపు చుట్టూ ఉన్న గడియలన్నీ కదులుతాయి. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకి తీసుకెళ్లి చూపించారు. సాక్సన్ల లూథరన్ బిషప్ 1572 నుంచి 1867 దాకా ఈ చిన్న ఊళ్లోనే ఉండేవాడు.

ప్రశ్న: ఇన్ని వందల ఏళ్లు కాపాడుకున్న ఊళ్లని సాక్సన్లు ఎందుకు వదిలేశారు? ఇప్పుడక్కడ ఎవరుంటున్నారు?
– డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మంగోలులు వచ్చినా, తుర్కులు వచ్చినా వదలనివాళ్లు ఇరవయ్యో శతాబ్దంలో వదిలారు. 1945 జనవరిలో రుమేనియాలోని జర్మన్లలో సుమారు 70 వేలమందిని సోవియట్ పని శిబిరాలకి తోలారు. తర్వాత వాళ్ల భూములు పోయాయి. రుమేనియా కమ్యూనిస్టు నియంత చౌషెస్కు కాలంలో పశ్చిమ జర్మనీ తలకింత అని డబ్బు కట్టి మరీ వాళ్లని తీసుకెళ్లింది. 1989లో ఆ ప్రభుత్వం కూలి సరిహద్దులు తెరుచుకోగానే మిగిలినవాళ్లు సూట్‌కేసులు సర్దుకున్నారు. 1930 లెక్కల్లో రుమేనియాలో జర్మన్లు సుమారు 7.45 లక్షలు, 2011లో 36 వేలు. చాలా ఊళ్లలో చర్చి తాళంచెవి ఒకరిద్దరు ముసలివాళ్ల దగ్గర మిగిలింది. వలస వెళ్లినవాళ్లు వేసవిలో వచ్చి గడ్డి కోసి, పెంకులు సర్ది వెళ్తుంటారు.

ఇప్పుడు విస్క్రిలో ఉండేవాళ్లు రుమేనియన్లు, రోమాలు, కొద్దిమంది సాక్సన్లు. రోమాలంటే బయటివాళ్లు జిప్సీలని పిలిచేవాళ్లు, ఆ పేరు వాళ్లలో చాలామందికి నచ్చదు. వాళ్ల పూర్వీకులు వెయ్యేళ్ల కింద మన దేశం నుంచి వెళ్లినవాళ్లు. ఊళ్లో ఆడవాళ్లు ఉన్ని మేజోళ్లు అల్లి అమ్ముతారు. అరుగు మీద అల్లుతున్న ఒక పెద్దావిడ దగ్గర నేనూ ఒక జత తీసుకున్నాను. ఇండియా అని గైడు చెప్పగానే ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నా ముక్కు చూపించి 'నఖ్' అంది. గ్లాసు చూపించి 'పాని' అంది. తన గుండె మీద, తర్వాత నా గుండె మీద వేలు పెట్టి 'మనుష్' అంది. నేను 'మనిషి' అన్నాను. చిల్లర తిరిగిస్తూ నాకోసం నెమ్మదిగా లెక్కపెట్టింది: యెక్, దుయ్, త్రిన్, శ్తార్, పంజ్.