జర్మనీలోలాగా మన దగ్గర కూడా ఆదివారాలూ పండగలూ లారీలు ఆపేస్తే బాగుండదా?

ఈ ప్రశ్న అడిగినాయన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బయల్దేరి, పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరుక్కుపోయి, ఆ కడుపుమంటలో రాసినట్టున్నారు. "మూడు రోజులు లారీలన్నీ పక్కన పెట్టిస్తే పోయేదేముంది? జర్మనీలో ప్రతి ఆదివారం ఆపుతున్నారు కదా" అన్నారు. నేను జర్మనీలోనే ఉంటాను. లారీలకి రూట్లు వేసి, లోడ్లు కుదిర్చి, డ్రైవర్లకి ఫోన్లు చేసే ఉద్యోగం నాది. మా నాన్న విజయవాడ ఆటోనగర్ నుంచి ముప్ఫయ్యేళ్ళు లారీ తోలాడు. ఇలాంటి ప్రశ్న కనిపిస్తే నేను చూసీ చూడనట్టు పోలేను.

ఆపుతారు, నిజమే. ఇది 1956 నాటి రూలు. ఏడున్నర టన్నులు దాటిన సరుకు లారీ ఆదివారమైనా, సెలవు రోజైనా అర్ధరాత్రి 12 నుంచి రాత్రి 10 దాకా రోడ్డెక్కకూడదు. జూలై, ఆగస్టు నెలల్లో కొన్ని ఆటోబాన్ల (అంటే వాళ్ళ పెద్ద హైవేల) మీద శనివారం కూడా ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా ఆపుతారు. తాజా పాలు, తాజా మాంసం, చేపలు, తొందరగా పాడైపోయే పళ్ళు, కూరగాయలు మోసే బండ్లు మాత్రం వెళ్ళచ్చు. అవి దింపేసి ఖాళీగా తిరిగి రావచ్చు కూడా. మిగతా ఎవరు దొరికినా డ్రైవరుకి 120 యూరోలు, పంపిన యజమానికి 570 యూరోలు ఫైను. ఆదివారం పనికి విశ్రాంతి, మనసుకి ఉన్నతి ఇచ్చే రోజని వాళ్ళ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. వినడానికి ఎంత బాగుందో కదా! నాకూ మొదట్లో అలాగే అనిపించింది. "అబ్బ, మనుషులంటే వీళ్ళురా" అనుకున్నాను.

2019 జూన్ 20న ఆ మోజు దిగిపోయింది.

ఆ రోజు గురువారం, ఫ్రోన్‌లైఖ్‌నామ్ అని కాథలిక్కుల పండగ. చిక్కేమిటంటే ఇది దేశమంతా సెలవు కాదు. మేముండే హెస్సెన్ రాష్ట్రంలో సెలవు, పక్క రాష్ట్రం థ్యూరింగెన్‌లో పనిరోజు. ఉద్యోగంలో చేరి అప్పటికి నాకు ఏడాది కూడా కాలేదు. డ్రెస్డెన్ దగ్గర మెషీన్ల విడిభాగాలు ఎక్కించి, సాయంత్రం ఐదుకల్లా నెదర్లాండ్స్‌లో దింపాలి. ఎక్కించే చోట పనిరోజే, దింపే చోటా పనిరోజే. రెండు చివరలూ చూసుకుని రూటు వేసేశాను. మధ్యలో హెస్సెన్, ఆ తర్వాత నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా, రెండూ సెలవులో ఉన్నాయన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. ఆఫీసులో వేలకి వేలు పోసి కొన్న సాఫ్ట్‌వేరుకీ తట్టలేదు. (అది వంతెన ఎత్తు చెబుతుంది, టోలు చెబుతుంది, నీ వేగం చూసి సణుగుతుంది. పండగ మాత్రం చెప్పదు. ఇరవై రూపాయల గోడ క్యాలెండరు దీనికన్నా నయం.)

పొద్దున పదిన్నరకి ఫోను. డ్రైవరు రొమేనియా ఆయన, అరవైకి దగ్గర పడుతున్న మనిషి. ఆయనకొచ్చిన జర్మనూ నాకొచ్చిన జర్మనూ అంతంతమాత్రమే. "చెఫ్ (అంటే బాసు), ఐజెనాఖ్‌లో ఉన్నాను. ముందుకెళ్తే హెస్సెన్. ఇవాళ హెస్సెన్‌లో దేవుడున్నాడు" అన్నాడు. ఆయన చెప్పిన తీరుకి నవ్వాను. మరుక్షణం వెన్నులో చలి పుట్టింది. ఉత్తరం నుంచి తిప్పి పంపుదామంటే అంత చుట్టు తిరిగి ఐదింటికి చేరే మాట కల్ల. ఓనరుకి ఫోన్ చేశాను. గురువారం సెలవు కదా, శుక్రవారం కూడా లీవు పెట్టుకుని నాలుగు రోజులు ఎక్కడికో పోయాడు. ఇక్కడ అందరూ చేసే పనే. ఆయన నన్ను తిట్టిన తిట్లు నాకు సగమే అర్థమయ్యాయి. అది నా అదృష్టం. చివర్లో "బండి అక్కడే ఉండనీ" అని పెట్టేశాడు.

మా ఇల్లు బాట్ హెర్స్‌ఫెల్ట్‌లో. అక్కణ్ణుంచి ఐజెనాఖ్‌కి ముప్పావుగంట దారి. నాకు సెలవు, డ్రైవరుకి లేదు, తప్పు నాది. ఊరుకోలేక మా ఆవిడ వండిన కోడికూరా అన్నమూ డబ్బాలో సర్దుకుని కారులో వెళ్ళాను.

పార్కింగ్‌లో కాలు పెట్టే సందు లేదు. నాలాంటి తెలివైనవాళ్ళు చాలామందే ఉన్నట్టున్నారు. గీతల మధ్య జాగాలు నిండిపోయి, లోపలికి వచ్చే దారి పొడుగునా కూడా లారీలే. ఎండ మండిపోతోంది. మా డ్రైవరు రెండు బండ్ల మధ్య నీడలో చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకుని బీన్స్ ఉడికిస్తున్నాడు. పోలండ్ వాళ్ళిద్దరు, ఒక లిథువేనియా కుర్రాడు చేరారు. మా కోడికూర పోలండ్ వాళ్ళు ముట్టుకోలేదు, కారమట. రొమేనియా ఆయన మాత్రం డబ్బా అడుగు దాకా ఊడ్చాడు.

తిన్నాక నాకు ఒక లెక్క చెప్పాడు. పదిన్నరకి ఆగాడు, రాత్రి పదికి కదులుతాడు, అంటే పదకొండున్నర గంటలు. యూరప్ చట్టం ప్రకారం రోజుకి పదకొండు గంటల విశ్రాంతి చాలు. అంటే కాగితం మీద ఈయన చక్కగా నిద్రపోయి లేచిన మనిషి. మళ్ళీ తొమ్మిది గంటలు తోలచ్చు. "కానీ చెఫ్, నేను పొద్దున నాలుగింటికి నిద్ర లేచాను. ఇప్పుడు ఎలా పడుకుంటాను?" అన్నాడు. క్యాబిన్‌లోకి ఎక్కి చూశాను. పెనం మీద కూర్చున్నట్టుంది.

అదీ సంగతి. పగలంతా నిద్రపట్టని మనిషిని రాత్రి పదికి వదిలి, నాలుగు వందల కిలోమీటర్లు చీకట్లో తోలమంది ఆ చట్టం. సరిగ్గా పదయ్యేసరికి ఆకాశంలో ఇంకా కాస్త వెలుగుంది. ముందు ఒక ఇంజను, తర్వాత నాలుగు, తర్వాత మొత్తం పార్కింగే గర్జించింది. గేటు తీస్తే గొర్రెల మంద కదిలినట్టు ఒకదాని వెనక ఒకటి. నేను కారులో వాటి వెనకాలే ఇంటికొచ్చి ఫోన్ దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. తెల్లారగట్ల "చేరాను" అని మెసేజ్ వచ్చేదాకా నిద్ర లేదు.

ఆదివారాల సంగతి ఇంకా ఘోరం. పొద్దునపూట ఆటోబాన్ ఖాళీగా, గుడి మెట్లంత శుభ్రంగా ఉంటుంది, కార్లవాళ్ళకి పండగే. అదే రోజు పార్కింగ్‌లకి వెళ్ళి చూడండి. దేశంలో ఆటోబాన్ల పక్కన లారీలకి చోటు వేలల్లో తక్కువ. శనివారం మధ్యాహ్నం నుంచే జాగా కోసం వేట మొదలవుతుంది. చాలాచోట్ల బాత్రూముకి డబ్బులు కట్టాలి. ఊళ్ళో కొట్లన్నీ మూత, ఆదివారం కదా. 45 గంటల వారం విశ్రాంతి క్యాబిన్‌లో తీసుకోకూడదని 2020లో యూరప్ మొత్తానికీ చట్టం రాశారు. క్యాబిన్ల అద్దాలకి కట్టిన తువ్వాళ్ళు ఆ చట్టం చదవలేదు. జర్మన్ డ్రైవరు ఆ రోజు ఇంట్లో పిల్లలతో ఉంటాడు, కాదనను. రొమేనియా వాడి ఇల్లు పదిహేను వందల కిలోమీటర్ల అవతల. వాడికి ఆదివారమంటే తారు మీద కుర్చీ వేసుకుని కూర్చోవడం. ఈ రూలు డ్రైవర్ల కోసమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కార్లవాళ్ళు తమకి తాము ఇచ్చుకున్న కానుక ఇది.

ఇక మన సంగతి. వారానికి ఒక రోజు సెలవు జర్మనీ నుంచి తెచ్చుకోనక్కర్లేదండీ. మనకి 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు, ఏడు రోజుల్లో ఒక రోజు విశ్రాంతి, అన్నీ అందులో రాశారు. మా నాన్న ఆ చట్టం పేరు కూడా విని ఎరగడు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎక్కించి కలకత్తా పోయేవాడు. రిటన్ లోడు దొరక్కపోతే అక్కడే వారం. మా ఇంట్లో సంక్రాంతి నాన్న వచ్చిన రోజున జరిగేది, అది ఒక్కోసారి ఫిబ్రవరి. ఆగితే బత్తా లేదు. క్లీనరుకి తిండి పెట్టాలి. రాత్రి పట్టా కోసి సరుకు లాగేస్తారని మెలకువగా ఉండాలి.

అందుకే పండగకి లారీలు ఆపండి అని ఎవరన్నా అంటే నేను అడిగేది ఒక్కటే: ఎక్కడ ఆపుతారు? హైదరాబాద్ లోపలికి పగలు పెద్ద బండ్లని రానివ్వరు కదా. రాత్రయ్యేదాకా అవి ఔటర్ పక్కన దుమ్ములో వరస కట్టి ఉంటాయి. నీళ్ళుండవు, దొడ్డికి చెట్టుచాటు. ఆ వరసని మూడు రోజులకి పెంచి నార్కట్‌పల్లి దాకా సాగదీస్తే, పొగమంచులో ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దేది మీ కారే. విజయవాడ రోడ్డు మీద ఆగి ఉన్న లారీ ఎంత ప్రమాదమో ఆ దారిన పోయే ఎవర్నడిగినా చెబుతారు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పంతంగి దగ్గర భోగి ముందురోజు క్యూలో మీ ముందూ వెనకా ఎన్ని లారీలున్నాయో ఈసారి లెక్కపెట్టండి. నేను రెండేళ్ళ కిందట లెక్కపెట్టాను. నా చూపు ఆనినంతలో నాలుగు. మిగిలినవన్నీ మనలాంటి మనిషికో కారు బాపతు.

ఐజెనాఖ్ కథ ఆ వారమే నాన్నకి ఫోన్‌లో చెప్పాను. పండగ పూట డ్రైవరుని బండి కదపనివ్వని దేశమని మురిసిపోతాడనుకున్నాను. మొత్తం విని, "ఏరా, మరి ఆ పన్నెండు గంటల హాల్టింగ్ డబ్బులు ఎవరిచ్చారు?" అన్నాడు.

అక్కడ ఎండలు ఎలా ఉన్నాయని అడిగాను.