హెబ్రోను సంఘం ఏ మిషన్ కిందికి వస్తుంది?

"హెబ్రోను వాళ్లు లూథరనా, బాప్టిస్టా?" అని అడిగారు. రెండూ కాదండి, అది ఏ మిషన్‌కూ చెందని స్వతంత్ర క్రైస్తవ సహవాసం. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టిన బఖ్త్ సింగ్ 1941లో మద్రాసులో మొదలుపెట్టారు. తర్వాత హైదరాబాద్ గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గరి హెబ్రోను దానికి కేంద్రమైంది. ఆయన 2000లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. బిషప్పులు ఉండరు, విదేశీ మిషన్ పెత్తనమూ లేదు. ఏ ఊరి సంఘాన్ని ఆ ఊరి పెద్దలే నడుపుతారు.

ఆదివారం వెళ్లి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. చెప్పులు బయట విడిచి, ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు చాపల మీద కూర్చుంటారు. ఆరాధన గంటల తరబడి సాగుతుంది. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ తర్వాతి ప్రేమవిందు. కులం పట్టింపులున్న మన సమాజంలో ఆఫీసరూ కూలీ పక్కపక్కనే, ఒకే బంతిలో కూర్చుని అన్నం తింటారు.