షటిల్ కోర్టులో ఎంతమంది పడుకోగలరు?

ప్రశ్న: మా కాలనీ లేఅవుట్‌లో సామాజిక అవసరాలకని వదిలిన 600 గజాల స్థలం ఉంది. దాని పక్కనే గెడ్డ పారుతుంది. కుర్రవాళ్లు షటిల్ కోర్టు కావాలంటున్నారు, పెద్దలు శుభకార్యాలకు హాలు కట్టాలంటున్నారు. తుపాను వస్తే తలదాచుకునే చోటూ అదే కావాలన్నది నా ఆలోచన. ఈ మూడూ ఒకే భవనంలో కుదురుతాయా?
– కాలనీ సంఘం కార్యదర్శి, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: కుదురుతాయి. నిజానికి ఆశ్రయ భవనాన్ని విడిగా కడితేనే ఇబ్బంది. ఏడాదంతా మూసి ఉంచిన భవనానికి, తీరా గాలి మొదలైన రాత్రి తాళంచెవి దొరకదు, మోటారు పనిచేయదు, మరుగుదొడ్లలో పాత సామాను పేరుకుని ఉంటుంది. రోజూ సాయంత్రం ఆడుకునేవాళ్లున్న హాలులో కొళాయి కారితే మర్నాటికే ఎవరో ఒకరు మిమ్మల్ని నిలదీస్తారు.

ప్లాను గీయించే ముందు జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) జోనల్ కార్యాలయంలోని పట్టణ ప్రణాళిక విభాగంలో ఆ స్థలం ఏ అవసరానికని నమోదైందో, గెడ్డ నుంచి ఎంత దూరం వదలాలో చూడండి. పార్కు కింద నమోదైన స్థలంలో పక్కా భవనానికి సంఘం తీర్మానం ఒక్కటే చాలదు.

ఆ తరువాత, తుపాను రాత్రి అక్కడికి నిజంగా వచ్చేదెవరో లెక్కించండి. స్లాబు ఇళ్లవారు చాలావరకు ఇంట్లోనే ఉంటారు. వచ్చేది గెడ్డ వారనున్న రేకుల ఇళ్లవారు, వాచ్‌మన్ల కుటుంబాలు, భవన నిర్మాణ కూలీలు. వీరిలో ఎవరూ మీ సంఘం సభ్యులు కాకపోవచ్చు, కాబట్టి ఈ మాట సర్వసభ్య సమావేశంలో ముందే తేల్చుకోవడం మంచిది. విపత్తు సహాయక చర్యలకు అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం ఆశ్రయంలో మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు కావాలి. షటిల్ కోర్టు గీతల లోపలి కొలత 13.4 మీటర్లకు 6.1 మీటర్లు, అంటే సుమారు 82 చదరపు మీటర్లు. అందులో పట్టేది 23 మందే. అరవై మంది వస్తారనుకుంటే శుభకార్యాల హాలు కూడా కలిస్తేనే సరిపోతుంది. రోజుకు మనిషికి 15 లీటర్ల చొప్పున మూడు రోజులకు 2,700 లీటర్ల నీరు, ఇరవై మందికి ఒకటి చొప్పున మూడు మరుగుదొడ్లు ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో కరెంటు, ఫోన్లు, నీళ్లు రోజుల తరబడి లేవు కనుక మూడు రోజుల లెక్క అతి జాగ్రత్తేమీ కాదు.

డబ్బు ఎక్కడ పొదుపు చేసినా పైకప్పు దగ్గర మాత్రం చేయకండి. షటిల్ కోర్టుకు ఎత్తు కావాలి గనుక ఇనుప స్తంభాల మీద రేకుల షెడ్డు వేస్తే చవకని మేస్త్రీ చెబుతాడు, అతని లెక్క తప్పేమీ కాదు; కానీ హుద్‌హుద్ గాలికి ఎగిరిపోయినవి అలాంటి రేకులే. స్తంభాలు అడ్డు రాకుండా వెడల్పాటి స్లాబు వేయించడం ఖరీదైన పని, అయినా తప్పదు. పెద్ద గాజు కిటికీలు వద్దు, ఉన్నవాటికి చెక్క తలుపులు పెట్టించండి. గెడ్డ పొంగినప్పుడు నీరు ఎంతవరకు వచ్చిందో పాతకాపులను అడిగి, పునాది మట్టాన్ని అంతకంటే ఎత్తుగా లేపి, చక్రాల కుర్చీ ఎక్కేలా ర్యాంపు కట్టించండి. జనరేటరును నేలమాళిగలో పెట్టకండి.

శుభకార్యాల గురించి ఒక మాట. మన తుపానుల కాలమూ కార్తీక ముహూర్తాలూ ఒకేసారి వస్తాయి. తుపాను హెచ్చరిక వెలువడితే బుకింగు రద్దవుతుందనీ, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తామనీ రసీదు మీదే అచ్చు వేయించండి. తాళంచెవులు మూడు చేయించి, అందులో ఒకటి గెడ్డ వైపు ఇళ్లలోనే ఉంచండి.