డయాలిసిస్ మొదలైన అరగంటకే నాన్నగారికి చలి, వణుకు: లైన్ ఇన్ఫెక్షనేనా?

మెడలో పర్మ్‌కాత్ (డయాలిసిస్ కోసం పెట్టే కెథీటర్ గొట్టం, దీన్నే లైన్ అంటారు) ఉన్న మనిషికి మెషిన్ మీద వణుకు వచ్చి, ఇంటికి చేరేసరికి తగ్గిపోతోందంటే, వేరే కారణం తేలేదాకా లైన్ ఇన్ఫెక్షనే అనుకోవాలండీ. మా అమ్మకూ అచ్చం ఇలాగే వచ్చేది. కెథీటర్ లోపలి గోడకు పట్టిన బ్యాక్టీరియా, రక్తం వేగంగా పారగానే ఒంట్లోకి చేరుతుంది. అందుకే డయాలిసిస్ లేని రోజు మామూలుగా కనిపిస్తారు.

సెంటర్లో ఏవిల్, హైడ్రోకార్టిసోన్ (రియాక్షన్‌ను అణిచే మందులు) ఇస్తే వణుకు ఆగుతుంది, ఇన్ఫెక్షన్ ఆగదు. మీరు గట్టిగా అడగాల్సింది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో ఏ క్రిమి ఉందో తేల్చే పరీక్ష. అదీ యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే. ఒక శాంపిల్ లైన్ నుంచి, ఇంకొకటి చేతి నరం నుంచి తీస్తారు. ఫిస్టులా (డయాలిసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ధమనిని సిరకు కలిపి చేసే దారి) కోసం దాచుకున్న చేతిని మాత్రం ముట్టనివ్వకండి. మందు పడ్డాక తీస్తే క్రిమి బయటపడకపోవచ్చు, అప్పుడు డాక్టర్ అంచనా మీదే మందులు వాడాలి.

అమ్మ రిపోర్టులో స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమి వచ్చింది. లైన్ తీసేయాలన్నారు. తీస్తే డయాలిసిస్ ఎలాగని ఇంట్లో అందరికీ టెన్షన్. తొడ దగ్గర తాత్కాలిక లైన్ వేసి నడిపించారు, మళ్లీ చేసిన కల్చర్ నెగెటివ్ వచ్చాకే కొత్తది పెట్టారు. ఈ క్రిమి గుండె కవాటాలకు, వెన్నెముకకు పాకుతుంది కాబట్టి ఎకో (గుండె స్కాన్) కూడా చేశారు. నాన్నగారికి కొత్తగా నడుము నొప్పి మొదలైతే తప్పక చెప్పండి. ఈ క్రిమి అయినా, ఫంగస్ అయినా లైన్ తీయించడానికి వెనకాడొద్దు. కొన్ని ఇతర క్రిములైతే, జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గితే, గైడ్‌వైర్ (పాత లైన్‌లోంచి దూర్చే సన్నని తీగ) మీద లైన్ మార్చడమో, లైన్‌లో యాంటీబయాటిక్ లాక్ (లైన్ లోపలే నిలిపి ఉంచే మందు) పెట్టడమో చేస్తారు. అది నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) తేల్చాలి.

వ్యాంకోమైసిన్, సెఫజోలిన్ లాంటి యాంటీబయాటిక్‌లు సాధారణంగా డయాలిసిస్‌తో పాటే ఇస్తారు. ఒక సిట్టింగ్ మానేస్తే డోసూ పోయినట్టే. జ్వరం లేదని కోర్సు మధ్యలో ఆపొద్దు. ఇంట్లో వణుకు వచ్చినా, బీపీ పడిపోయినా, మాట తడబడినా తర్వాతి డయాలిసిస్ దాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

లైన్ మూతలు తీసేటప్పుడు టెక్నీషియన్‌కూ నాన్నగారికీ మాస్కు ఉండాలి. సెలైన్‌కో, రక్త పరీక్షకో వార్డులో ఎవరైనా ఆ లైన్ వాడబోతే ఒప్పుకోకండి. ఫిస్టులా ఆపరేషన్ గురించి ఇప్పుడే అడగండి. ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాకే చేస్తారు, చేశాక సూదులకు సిద్ధం కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.