ఘానా వెళ్తున్నాను, సేఫేనా? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

రాజధాని అక్రా, తీరంలోని కేప్ కోస్ట్ వరకైతే మరీ భయపడక్కర్లేదండి, కానీ పైన బుర్కినా ఫాసో బార్డర్ వైపు, ముఖ్యంగా బావ్కు టౌన్‌కి మాత్రం వెళ్లకండి, అక్కడ గొడవలు ఏళ్లుగా నడుస్తున్నాయి. నన్నడిగితే దొంగల కంటే దోమలతోనే ఎక్కువ ప్రమాదం. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి ఇక్కడే మొదలుపెట్టండి, తిరిగొచ్చాక కూడా కోర్సు మధ్యలో ఆపొద్దు, జ్వరమొస్తే ఘానా వెళ్లొచ్చానని డాక్టర్‌కి ముందే చెప్పండి ప్లీజ్. అక్రాలో రోడ్డు పక్కన ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడితే బైక్ మీద వచ్చి లాక్కుపోతారు. రాత్రిపూట ఊళ్ల మధ్య రోడ్డు ప్రయాణం వద్దు. ఎమర్జెన్సీ నంబర్ అక్కడ కూడా 112.